ఇద్దరూ ఆడిన ఆట

అశోక్ నగర్, హైదరాబాద్
అక్టోబర్ 9

రత్నా,

సాయంత్రమయ్యేసరికి రోజూ వాన పడుతోంది. పార్కు వైపు రోడ్డు మీద నీళ్ళు నిలిచి కూరగాయల ఆటో రాలేదు. పొద్దున రెండు కూరలకు బదులు ఒక్క పప్పే చేశాను. గ్రూప్స్‌కు చదివే పిల్లలు గొణుక్కుంటూ తిని లైబ్రరీకి పోయారు. రేపటి దోశల పిండి రుబ్బడం అయ్యాక ఇది రాస్తున్నాను.

ఫోన్లో స్కోరు మాత్రమే చెప్పుకోవాలి, ఆటను ఉత్తరంలో రాయాలి అని నీ మోకాలి ఆపరేషన్ నాడు పెట్టుకున్న పద్ధతి. మన కాలేజీ ఆడపిల్లలు కబడ్డీ ఎక్కడ ఆడినా, చూసినవాళ్ళు చూడనివాళ్ళకు రాయాలి. ఈ ఆట నేను కూడా చూడలేదు. అయినా రాయకుండా ఉండలేను.

నవత గురించి నీకు చెప్పాను కదా. మా హాస్టల్లోనే పై అంతస్తులో ఉంటుంది. మన కాలేజీలో డిగ్రీ చివరి ఏడాది. చిక్కడపల్లి సందులో మనం మోకాళ్ళు చెక్కుకున్న ఆ మట్టి కోర్టులోనే ఆడుతుంది. అక్కడ ఇప్పటికీ మ్యాట్ లేదు. ఈ ఏడాది యూనివర్సిటీ జట్టుకు ఎంపికైతే ఆ సర్టిఫికెట్‌తో పోలీసు ఉద్యోగానికి స్పోర్ట్స్ కోటాలో పోవచ్చు. పీజీ చదివే స్తోమత లేదు కాబట్టి కాలేజీ అయిపోతే ఇక ఆ దారి లేదు. పిల్ల ఆశంతా దాని మీదే ఉంది.

దసరాకు ఊరికి పోయింది. పండుగ మరునాడు వాళ్ళ ఊరు గుర్రంపల్లికీ పక్క ఊరికీ ఆడపిల్లల కబడ్డీ పెట్టారట. గెలిచినవాళ్ళకు గొర్రెపోతు. నిన్న మా వంటింట్లో చపాతీ కర్ర పట్టుకుని ఆటంతా ఆడి చూపించింది.

“ఆ ఊరోళ్ళు ఎవల్ని తెచ్చిండ్రో ఎరికేనా అక్క? బస్సు కాలేజీ తేజస్వి లేదా, ఆమెను!”

బస్సు కాలేజీ అంటే నీకు తెలుసు కదా. రింగు రోడ్డు అవతల ఉన్న ప్రైవేటు కాలేజీ. ఏసీ బస్సులో దిగి, ఏటా కప్పు ఎత్తుకుపోతారు. మన పిల్లలు సిటీ బస్సులో వేలాడుతూ వస్తారు.

“అగ్గో, ఆమెకేం పని గుర్రంపల్లిల?” అన్నాను.

“వాళ్ళ చుట్టాలు ఉన్నరంట. వేరే పేరు పెట్టి దింపిండ్రు. నన్ను చూసి నవ్వింది. నేను కూడ నవ్విన. తర్వాత చీలమండ పట్టి గుంజి పడేసిన.”

నవతే వాళ్ళ ఊరి జట్టుకు కెప్టెన్. చివరి కూతకు తనే వెళ్ళి ముగ్గురిని అవుట్ చేసి వచ్చింది. గొర్రెపోతును ఆ సాయంత్రమే కోశారట. తేజస్వి కూడా వాళ్ళింట్లోనే తిని పోయిందట.

ఆ ఇద్దరినీ నవంబర్‌లో ఇంటర్ కాలేజీ ఆటల్లో మళ్ళీ చూస్తాం. అప్పుడు నేను కళ్ళారా చూసి రాస్తాను.

నీ విజ్జి

*

తాండూరు
అక్టోబర్ 22

విజ్జీ,

ఇక్కడ వాన తెరిపిచ్చింది. కంది చేలు నడుము దాకా వచ్చాయి. నాపరాళ్ళ లారీలు తిరిగి మా గ్రౌండు మీద మళ్ళీ దుమ్ము లేస్తోంది. పొద్దున పిల్లల చేత సున్నం గీతలు వేయించి, మధ్యాహ్నం హాజరు పట్టీ రాసి, సాయంత్రం నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చపాతీ కర్ర దగ్గర ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మా కాంట్రాక్టు పొడిగింపు ఉత్తర్వు ఈ ఏడాది ఇంకా రాలేదు. జీతం రాక ఇది మూడో నెల. ప్రిన్సిపాల్ గారు “వస్తుందమ్మా, కంగారు పడకండి” అంటారు. ఆయన పర్మినెంటు. ఆయనకు కంగారు ఎందుకుంటుంది?

నన్ను ఈసారి ఇంటర్ కాలేజీ అర్హతల కమిటీలో వేశారు. ఎవరు ఆడవచ్చో, ఎవరు ఆడకూడదో చూసే కమిటీ. బయట గుర్తింపు లేని టోర్నమెంటు ఆడినవాళ్ళు ఆ ఏడాది యూనివర్సిటీ ఆటలకు పనికిరారని ఒక నియమం ఉంది. నీకు గుర్తుందా? మనం బోనాల పందెంలో ఆడినప్పుడు కూడా ఉండేది. ఎవరూ పట్టించుకునేవారు కాదు.

గుర్రంపల్లి అంటే దేవరకొండ దగ్గర గుర్రంపల్లేనా? నవత సొంత పేరుతోనే ఆడిందా? ఊరికే అడుగుతున్నాను. నీ ఉత్తరం చదివాక ఆ ఊరు కళ్ళకు కట్టింది.

చలి మొదలవుతోంది. నీ మోచేతి నొప్పికి వేడినీళ్ళ కాపడం పెట్టుకో.

నీ రత్న

*

అశోక్ నగర్
నవంబర్ 2

రత్నా,

ఆ గుర్రంపల్లే. సొంత పేరుతోనే ఆడింది. వాళ్ళ ఊళ్ళో వాళ్ళకు దాని పేరు మార్చి చెప్తే ఎవరు నమ్ముతారు? పుట్టినప్పటి నుంచి చూస్తున్నారు. పేరు మార్చుకున్నది తేజస్వే.

నువ్వు కమిటీలో ఉన్నావని తెలిశాక మన టీ కొట్టు పీరయ్యకు చెప్పాను. అతనికి మన కాలేజీ ఆట అంటే పిచ్చి. నవత కోసం రోజూ ఒక గ్లాసు పాలు పక్కన పెడతాడు. “ఇగ మనకేం ఫికర్ లేదు మేడం. కుర్చీల మన మనిషే కూసున్నదన్నట్టు” అన్నాడు. “ఆమె మన మనిషి అని ఆటల మనకు పాయింట్లు ఎయ్యదు పీరయ్యా” అన్నాను. “పాయింట్లొద్దు. ఉన్నదున్నట్టు జూస్తే సాలు” అన్నాడు.

నేనూ అదే అనుకుంటున్నాను. ఇన్నాళ్ళకు ఆ కుర్చీలో ఉన్నదున్నట్టు చూసే మనిషి కూర్చుంది.

వాన తగ్గింది. చింతపండు ధర పెరిగి సాంబారు పల్చగా చేస్తున్నాను. పిల్లలు పేరు పెట్టారు, ‘విజయక్క రసం’ అని.

విజ్జి

*

అశోక్ నగర్
నవంబర్ 28

రత్నా,

మొన్న మన కాలేజీ క్వార్టర్ ఫైనల్ గెలిచింది. నిన్న సెమీఫైనల్ ఓడిపోయింది. ఈ రెండు మాటలూ ఫోన్లో చెప్పి పెట్టేశాను. నీ గొంతు వినబుద్ధి కాలేదు. ఎందుకో నాకూ తెలియదు. మిగతాది రాస్తున్నాను.

సెమీఫైనల్ బస్సు కాలేజీ వాళ్ళ సొంత ఆవరణలోనే పెట్టారు. హాస్టల్ పిల్లలు కోచింగ్ ఎగ్గొట్టి నాతో వచ్చారు. పీరయ్య కొట్టు మూసి వచ్చాడు. నవత మోకాళ్ళకు పట్టీలు చుట్టుకుని మ్యాట్ పక్కన నిలబడింది. అప్పుడు మైకులో దాని పేరు పిలిచారు. మన కోచ్ జగదీశ్వర్ సార్, అది, ఇద్దరూ బల్ల దగ్గరికి పోయారు. కమిటీ చైర్మన్ అడిగాడట, “దసరాకు మీ ఊళ్ళో టోర్నమెంటు ఆడినావా?” అని.

“ఆడిన సార్” అన్నది.

అంతే. ఈ ఏడాదికి పనికిరాదన్నారు. జెర్సీ విప్పించి ఇంకొకరికి ఇప్పించారు. తొమ్మిదో నంబరు వదులు జెర్సీ, చిన్నపిల్ల వేసుకుని దిగింది.

అవతల పక్క తేజస్వి గీత దగ్గర తొడ చరుచుకుంటోంది. అదే తేజస్వి. అదే దసరా. అదే ఆట. అక్కడ నవత ఎవరి చీలమండ పట్టిందో ఆ పిల్లే. మన హాస్టల్ పిల్లలు లేచి అరిచారు. “ఆమె గూడ ఆడింది! ఆమెను గూడ అడుగుండ్రి!” ఎవరూ ఇటు తిరగలేదు. సెక్యూరిటీ వచ్చి “ఆటను డిస్టర్బ్ చేస్తే బయటికి పంపిస్తాం” అన్నాడు. పీరయ్య “మేం డిస్టర్బ్ జేస్తున్నమా? నియమం ఒక్క దిక్కే చూస్తున్నది, దానికి అద్దాలు పెట్టియ్యుండ్రి” అన్నాడు. అతన్ని గేటు దాకా తోసుకుపోయారు.

నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. తేజస్వి బాగా ఆడింది. ఆ పిల్ల ఆటను నేను తప్పు పట్టను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నవత కిటికీ పక్కన కూర్చుని పట్టీలు విప్పి చుట్టింది. నారాయణగూడ దిగాక ఒకటే అన్నది. “ఆమెను అడుగలేదు అక్క. నన్నొక్కదాన్నే అడిగిండ్రు.”

నువ్వు కమిటీలో ఉన్నావు. ఆ బల్ల దగ్గర నాకు కనిపించలేదు. నీకు తెలియకుండా జరిగి ఉంటుంది. అప్పీలు చెయ్యమని జగదీశ్వర్ సార్ అంటున్నాడు. ఎవరికి ఏం రాయాలో చెప్పు. తేజస్వి గురించి నీకు తెలుసు, నీకు రాశాను. నువ్వు ఒక్క మాట చెబితే చాలు. ఆ పిల్లను తియ్యమని నేను అడగడం లేదు. నవతను ఆడనిమ్మంటున్నాను. లేదా ఇద్దరినీ ఒక్కలాగ చూడమంటున్నాను.

విజ్జి

*

తాండూరు
డిసెంబర్ 5

విజయశ్రీకి,

నీ ఉత్తరం అందింది. ఓడిపోయినందుకు బాధగానే ఉంది.

అర్హతల విషయంలో కమిటీ వచ్చిన సమాచారం మీద నిర్ణయం తీసుకుంటుంది. ఆ అమ్మాయి తనే ఒప్పుకుంది కాబట్టి వేరే దారి లేకపోయింది. రెండో అమ్మాయి మీద ఫిర్యాదు ఏదీ లేదు. ఫిర్యాదు లేనిదే విచారణ చేయరు. పైగా ఆ తేదీల్లో ఆమె తమ శిక్షణ శిబిరంలో ఉందని వాళ్ళ కాలేజీ రాసిచ్చింది.

అప్పీలు యూనివర్సిటీ క్రీడల విభాగంలో వేయవచ్చు. అయితే పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. అభిమానం ఉన్నవాళ్ళకు నియమం ఎప్పుడూ అన్యాయంగానే కనిపిస్తుంది. మనం ఆడేటప్పుడు కూడా అలాగే అనుకునేవాళ్ళం.

ఇక్కడ పనులు ఎక్కువగా ఉన్నాయి. ఆరోగ్యం చూసుకో.

రత్నమాల

*

అశోక్ నగర్
డిసెంబర్ 14

రత్నమాలా,

అప్పీలుకు నేను కూడా పోయాను. క్రీడల విభాగం వాళ్ళు దాన్ని మళ్ళీ మీ కమిటీ ముందుకే పంపారు. నవత, జగదీశ్వర్ సార్, నేను. బల్ల అవతల ముగ్గురు. నాలుగో కుర్చీ ఖాళీ. నువ్వు ఆ రోజు సెలవు పెట్టావట.

నవతను ఎందుకు తీసేశారో చదివి వినిపించారు. ‘దసరా మరునాడు గుర్రంపల్లి జట్టుకు కెప్టెన్‌గా ఆడింది’ అని ఉంది.

నవత లేచి నిలబడింది. “సార్, నేను కెప్టెన్ గాదు. మా ఊరి జట్టుకు సర్పంచ్ బిడ్డ కెప్టెన్. నేను సెకండాఫ్‌ల దిగిన.”

“ఆడావా లేదా?” అన్నాడు చైర్మన్.

“ఆడిన. కెప్టెన్ అని ఎవరు జెప్పిండ్రు సార్?”

చైర్మన్ కాగితం తిప్పి పెట్టాడు. నవత కెప్టెన్ అని ఈ లోకంలో అన్నది నేనొక్కదాన్నే. అది నాకు ఆ మాట చెప్పలేదు. ఆట వింటూ నేనే అనుకున్నాను, ఇంత బాగా ఆడిన పిల్ల కెప్టెనే అయి ఉంటుందని. నీకు రాసేటప్పుడు ఒక మెట్టు పైకెక్కించాను. నా అభిమానం అది. గుర్రంపల్లిలో ఎవరిని అడిగినా ఆ మాట రాదు. నా ఉత్తరంలో నుంచి తప్ప ఎక్కడి నుంచీ రాదు.

నేను లేచి చెప్పాను. “ఆ కెప్టెన్ అన్నమాట నాది సార్. నేను చూసింది లేదు. నవత చెప్తే విని ఒక స్నేహితురాలికి రాసిన. దాంట్ల తేజస్వి పేరు గూడ రాసిన.”

“మీరు తేజస్విని అక్కడ చూశారా?” అన్నాడు.

“లేదు సార్. అదే జెప్తున్న, విన్న.”

“విన్నమాట సాక్ష్యం కాదమ్మా.”

“నవత మీద గూడ నేను విన్నమాటే గద సార్ మీకు అందింది?”

“ఆ అమ్మాయి ఒప్పుకుంది.”

“తేజస్విని అడిగిండ్రా మరి?”

పక్కనున్న మనిషి గడియారం చూసుకున్నాడు. ఊరి పిల్లలు తీసిన వీడియో జగదీశ్వర్ సార్ ఫోన్లో చూపించాడు. అందులో నవత ముఖం స్పష్టంగా ఉంది. తేజస్విది వీపు. ఒక వీపును పట్టుకుని ఏం చెప్పలేమన్నారు. అప్పీలు కొట్టేశారు.

రత్నమాలా, నేను ఒకే ఉత్తరంలో ఇద్దరి పేర్లు రాశాను. ఒకే పేరాలో రాశాను. ఊరు అదేనా అని అడిగావు, సొంత పేరేనా అని అడిగావు. అదే అని రాశాను. తేజస్వి పేరు మార్చుకుందని కూడా రాశాను. నువ్వు రెండుసార్లు చదివానన్నావు. నా అబద్ధాన్ని కూడా తీసి కమిటీ ముందు పెట్టావు. రెండో పేరును మాత్రం వదిలేశావు. ఎందుకు?

విజయశ్రీ

*

తాండూరు
డిసెంబర్ 21

విజ్జీ,

చలి బాగా పెరిగింది. గ్రౌండు మీద పొద్దున ఏడు దాకా మంచు వదలడం లేదు. మూడు రోజులు ఈ ఉత్తరం మొదలుపెట్టి ఆపేశాను.

నన్ను ఎవరూ ఏదీ చెయ్యమని అడగలేదు. ఇది నువ్వు నమ్మాలి. అక్టోబర్‌లో బస్సు కాలేజీ కరస్పాండెంట్ గారు పిలిచారు. ఫిజికల్ డైరెక్టర్ పోస్టు ఖాళీ అవుతోందన్నారు. పర్మినెంటు. టీ ఇచ్చారు. వెళ్ళేటప్పుడు, “మీరు అర్హతల కమిటీలో ఉన్నారు కదా మేడం, సిటీ జట్ల గురించి మీకేమైనా తెలిస్తే చెబుతూ ఉండండి” అన్నారు. అంతే. నేను ఇంటికి వచ్చేసరికి నీ ఉత్తరం బల్ల మీద ఉంది.

ఇద్దరి పేర్లూ పెడితే ఇద్దరూ పోయేవాళ్ళు. ఇద్దరు పిల్లల ఏడాది పాడయ్యేది. ఒకరైనా ఆడారు. నీకు ఇది సాకులా కనిపిస్తుందని తెలుసు. అయినా లెక్క చూస్తే తప్పేముంది? నియమాన్ని నేను కల్పించలేదు. నవత ఆడిందని నేను చెప్పింది అబద్ధం కాదు. నువ్వు కాలేజీ వైపు నుంచి చూస్తున్నావు. నేను ఇరవై మూడేళ్ళుగా ఏటా ఒక కాగితం కోసం ఎదురుచూస్తున్నాను. మా అమ్మ బర్కత్‌పురలో పోయిన రోజు కూడా సెలవు మంజూరు కాక ఒక పూట జీతం కోశారు. నీకు తెలుసు, నువ్వే నన్ను ఆటోలో తీసుకెళ్ళావు.

జనవరి నుంచి కొత్త కాలేజీలో చేరుతున్నాను. తేజస్వి చదివేది అక్కడే. మ్యాట్ ఉంది, హాస్టల్ ఉంది. నవత అక్కడ పీజీలో చేరితే వచ్చే ఏడాది యూనివర్సిటీకి ఆడించే పూచీ నాది. ఫీజు లేకుండా చేయిస్తాను. ఆ పిల్లకు చెప్పు. సీటు ఎలా వచ్చిందో చెప్పనక్కర్లేదు. ఉత్తరం సంగతి మనిద్దరి మధ్యే ఉంటే ఆ పిల్లకు నీ మీద గౌరవం పోదు. నీ కోసమే అంటున్నాను.

రత్న

*

అశోక్ నగర్
జనవరి 4

రత్నమాలా,

చలికి పిండి పులవడం లేదు. రెండు రోజులుగా ఉప్మా చేస్తున్నాను. గ్యాస్ బండ ఆలస్యమై నిన్న పొద్దున టిఫిను తొమ్మిది దాటాక పెట్టాను.

యూనివర్సిటీ జట్టు పేర్లు వచ్చాయి. తేజస్వి ఉంది. ఆ పిల్ల క్రిస్మస్ మరునాడు మా హాస్టల్‌కు వచ్చింది. నవతను కలుస్తానంది. మెట్ల కింద ఇద్దరూ నిలబడ్డారు. నేను వంటింట్లో అన్నం వార్చుతున్నాను, మాటలు వినిపించాయి.

“నేనేం చెప్పలేదండీ, ఒట్టు. మా సార్ నన్ను క్యాంపులో ఉన్నానని సంతకం పెట్టమన్నారు, పెట్టాను” అన్నది తేజస్వి.

“నన్ను అండీ అంటవేంది? గొర్రెపోతు కలిసి తిన్నోళ్ళం” అన్నది నవత. “పెట్టకపోతే నిన్ను గూడ తీసేద్దురు. పెట్టినవు. మంచిగనే జేసినవు. మంచిగ ఆడు.”

“నీకు కోపం లేదా?”

“ఉన్నది. నీ మీద గాదు. ఎవరి మీదనో తెలుస్తలేదు.”

తేజస్వి కాసేపు ఏడ్చి పోయింది. నవత పైకి పోలేదు. మెట్ల మీదే కూర్చుంది. నేను స్టవ్ ఆపి బయటికి వచ్చి ఎవరి మీదనో దానికి చెప్పాను. నువ్వు ఎవరో, నేను నీకు ఏం రాశానో, కెప్టెన్ మాట ఎలా పుట్టిందో. అప్పీలు గదిలో స్నేహితురాలు అన్నానే గాని, ఆ స్నేహితురాలు కమిటీ మనిషని అప్పుడు చెప్పలేదు. అది కూడా చెప్పాను.

అది అరవలేదు. “నా గురించి ఉత్తరాల్ల రాస్తరా అక్క?” అని అడిగింది.

“రాస్త.”

“ఎందుకు?”

“మంచిగ ఆడుతవని.”

“నేను మీకు అన్నం కాడ చెప్పిన అక్క. అక్క అని చెప్పిన. ఎక్కడనో కుర్చీల కూసున్నామెకు చెప్పలే.”

నీ పీజీ సీటు మాట కూడా చెప్పాను. దాచాల్సినది ఏదీ మిగల్చుకోలేదు. నవ్వింది. “నన్ను తీసేసినామెనే నన్ను ఆడిపిస్తదా? అప్పుడు నియమం ఎటు పోతది?” అన్నది. ఆ పూట నుంచి మెస్సులో తినడం మానేసింది. నెల చివర అద్దె లెక్క కట్టి నా బల్ల మీద పెట్టింది. ఇదివరకు చేతికి ఇచ్చి కాసేపు కూర్చునేది.

పీరయ్యకు కూడా చెప్పాను. చాలాసేపు గ్లాసులు కడిగాడు. “మేడం, ఆ బస్సోళ్ళ మీద నాకు ఏనాడూ నమ్మకం లేకుండె. అందుకే కష్టం అనిపించలే. గిది అనిపిస్తున్నది” అన్నాడు. నవత పాల గ్లాసు ఇప్పుడు పెట్టడం లేదు. ఆ పిల్లే వద్దన్నదట.

మన కాలేజీ పిల్లలు సాయంత్రం ప్రాక్టీసుకు వస్తున్నారు. నేను అటు పోవడం లేదు. పోతే చూస్తాను, చూస్తే ఎవరికో చెప్పాలనిపిస్తుంది.

నువ్వు ఒకరైనా ఆడారు అని రాశావు. అది నీ లెక్క. ఇద్దరూ ఆడకపోతే ఇద్దరూ ఒక్కలాగ ఏడ్చి ఊరుకునేవాళ్ళు, వచ్చి మెట్ల కింద నిలబడి ఒట్లు పెట్టుకునేవాళ్ళు కాదు. నీ కాంట్రాక్టు కష్టం నాకు తెలియనిది కాదు. నువ్వు ఆ ఉద్యోగానికి పోతానంటే ఆటో మాట్లాడి నేనే దింపేదాన్ని. నవతను ఇచ్చి పోవాల్సిన పని లేదు.

నువ్వు ఒకటో తేదీన కొత్త కాలేజీలో చేరావని జగదీశ్వర్ సార్ చెప్పాడు.

నవత మూడో తేదీ, శనివారం, పొద్దున టిఫిను పెట్టకముందే గది ఖాళీ చేసి బర్కత్‌పుర హాస్టల్‌కు పోయింది.

విజయశ్రీ